ఆంజినమ్మ తెల్లరవికె

ఆంజినమ్మ తెల్లరవికెను నేను మూడుసార్లు విప్పి మళ్లీ కుట్టాను. ఒక్కనాడు కూడా తొడుక్కోని రవికెను అన్నిసార్లు వదులు చేయించుకున్న మనిషి ఇంకొకరు ఉంటారని నేను అనుకోను. నాలుగైదేళ్లకోసారి దాన్ని మడత నలగకుండా కవర్లో పెట్టుకొని మా ఇంటికి వచ్చేది. "పద్మజా, ఇది రోంత బిగుతైంది, చూడు" అనేది. రవికె బిగుతు కాలేదక్కా, నువ్వే ఒళ్లు చేశావు అంటే, "కుట్టేదానికి చేతులు చాలు, నోరెందుకు?" అని నా నోరు మూయించేది.

అది బాప్తిస్మం రవికె. దానికి జతగా కొన్న తెల్లచీర ఆమె ట్రంకుపెట్టె అడుగున కలరా ఉండల మధ్య పడి ఉండేది. ఇంట్లో కూలికి పోయేటప్పుడు కట్టుకునే చీరలు రెండే ఉన్న రోజుల్లో కూడా ఆ చీర జోలికి ఆమె పోలేదు.

మా ఊరు శింగనమల దాటి లోపలికి పోవాలి. నేను మిషన్ కుట్టుకొని బతుకుతాను. ఆంజినమ్మ బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతుంది. మా రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. పేరేమో ఆంజనేయస్వామిది, నమ్మకమేమో యేసుస్వామి మీద. పేరు మార్చుకోరాదా అని ఎవరో అడిగితే, "మా నాయన పెట్టినాడు. నేనెవురో దేవునికి ఆమాత్రం తెలీదా?" అంది. ఆ మాటకొస్తే వాళ్ల పాస్టరు పేరే ఓబుళేసు. నేను మాత్రం చౌడేశ్వరమ్మకు మొక్కేదాన్ని. దాని గురించి మా ఇద్దరికీ ఏనాడూ మాట పట్టింపు రాలేదు.

ఆమె యేసును నమ్ముకున్న సంగతి నాకు బాగా తెలుసు. కొడుకు గంగాధర్‌కు ఐదేళ్లప్పుడు జ్వరం మెదడుకెక్కి అనంతపురం ఆసుపత్రిలో పడ్డాడు. మొగుడు అప్పటికే పోయాడు. చుట్టాలు వచ్చారు, అయ్యో అన్నారు, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయారు. పక్క మంచం వాళ్లను పలకరించడానికి వచ్చిన ఓబుళేసు పాస్టరు భార్య మాత్రం, ఎన్నడూ చూడని ఈ మనిషి పక్కన కూర్చుండిపోయింది. వాడు కళ్లు తెరిచేదాకా రోజూ వచ్చింది, క్యారియరు తెచ్చింది, వాడి తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. "బిడ్డ బతికినాడని కాదు పద్మజా, ఆయమ్మ లేచి పోలేదు చూడు, దానికి నమ్మినా" అని నాతో చాలాసార్లు చెప్పింది.

భయమనేది ఆమె దగ్గర లేదనే ఊళ్లో అందరి లెక్క. బడి వంటగదిలో నాగుబాము దూరితే పిల్లలను బయట నిలబెట్టి, పొడుగాటి కట్టెతో దాన్ని చేని గెనెం దాకా తోలి వచ్చింది. మురిగిన కోడిగుడ్లు పంపిన కాంట్రాక్టరును ఊరి నడుమ నిలబెట్టి కడిగేసింది. తాగొచ్చి పెళ్లాన్ని కొట్టేవాడు ఆమె గొంతు వినబడితే గొడ్లపాకలో దాక్కునేవాడు.

అట్లాంటి మనిషికి నీళ్లంటే భయం. బిందెలో నీళ్లు, బకెట్లో నీళ్లు పర్వాలేదు. బావిలోకి మాత్రం తొంగి చూసేది కాదు. బస్సు కాలువ వంతెన ఎక్కితే కొంగు ముఖం మీద కప్పుకునేది. ఆ కాలువలో చాలా ఏళ్లుగా తుమ్మచెట్లే తప్ప చుక్క నీరు లేదన్నది వేరే సంగతి. వాళ్ల సంఘంలో బాప్తిస్మం అంటే తలమీద చిలకరించేది కాదు, నిండా మునగాలి. అందుకని ఆమె ఒక సాకు పట్టుకుంది. "చెరువు నిండనీ అయ్యా, మన ఊరి చెరువులోనే మునుగుతా" అని పాస్టరుకు చెప్పేది. మా జిల్లాలో ఆ సాకును కాదనగలిగే మొనగాడు లేడు.

ఓబుళేసు పాస్టరు తక్కువ తినలేదు. చీనీతోటలో నీళ్లతొట్టి ఉంది రమ్మన్నాడు. అది పాచి పట్టింది, జారుతుందంది. కణేకల్ వైపు కాలువ పారుతోంది, అందరం ఆటోలో పోదామన్నాడు. "మునిగేదానికి అంత దూరం పోవల్నా?" అంది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. చెరువు నిండలేదు. ఆమె నిశ్చింతగా ఉంది.

నిశ్చింతగా ఉందని నేను అనుకున్నాను గానీ, అది నిజం కాదు. నెలకోసారి వాళ్ల చర్చిలో ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె విరిచి అందరికీ తలా ఒక ముక్క ఇస్తారు. బాప్తిస్మం తీసుకున్న వాళ్లకే. ఆ రొట్టె చేసేది ఎవరనుకున్నారు? ఆంజినమ్మే! తెల్లవారుజామున తలస్నానం చేసి, కొత్త పెనం మీద, గోధుమపిండితో ఒకే ఒక పెద్ద రొట్టె కాల్చేది. అది దేవునిదని చిటికెడు కూడా తుంచి చూసేది కాదు. తెల్లగుడ్డలో చుట్టి తీసుకుపోయి బల్లమీద పెట్టేది. తర్వాత ఆ రొట్టె వరసలో చేతులు మారుతూ వచ్చి, ఆమె దగ్గర ఆగకుండా పక్కామెకు పోయేది. బడిపిల్లలందరికీ కడుపునిండా పెట్టే మనిషి, తన చేత్తో కాల్చిన రొట్టెకు చెయ్యి చాచలేక ఒళ్లో చేతులు పెట్టుకొని కూర్చునేది. ఒక క్రిస్మస్‌కు నేను పోయి వెనక కూర్చున్నప్పుడు చూశాను. నాకు ఆమె మీద కోపం వచ్చింది. మునిగితే పోయేదేముంది, రెండు క్షణాలు!

మొన్నటి వానాకాలం మా చెరువు నిండింది.

అది మామూలు విషయం కాదు. ఊరు ఊరంతా కట్టమీదే ఉంది. ఆడవాళ్లు పసుపు కుంకుమలు, రవికె గుడ్డలు తీసుకుపోయి గంగమ్మకు వదిలారు. నేనూ పోయాను. ఆంజినమ్మ గడప దాటలేదు. ఇంటికొచ్చాక చూస్తే రవికె పట్టుకొని నా మిషన్ దగ్గర కూర్చుని ఉంది. పాస్టరు వచ్చే ఆదివారమే అని చెప్పిపోయాడట.

"ఇంక లోపల బట్ట లేదక్కా. ఇదే ఆఖరు వదులు. ఈసారి ఏం సాకు చెప్తావో చెప్పు" అన్నాను నవ్వుతూ. ఆమె నవ్వలేదు.

"నాకు తమ్ముడుండె. పాపన్న" అంది. అన్నేళ్ల పొత్తులో ఆ పేరు నేను వినలేదు. "మా నాయన వాళ్ల బావిలో ఒక్క ఏడు నీళ్లొచ్చె. ఈత నేర్చుకుంటానని వాడు నడుముకు తాడు కట్టుకొని దిగినాడు. పైన తాడు పట్టుకున్నది నేను, పదేండ్లదాన్ని. జారిపాయ పద్మజా. అరచేతులు కొట్టుకపాయ గానీ తాడు నిలవల్యా. నీళ్లు ముంచుతాయని కాదే నా భయం. పట్టుకున్న చెయ్యి వదిలేస్తాది. నాకు తెలుసు. నేనే వదిలినా."

ఎన్నిసార్లు ఎగతాళి చేశానో గుర్తొచ్చి సిగ్గేసింది. ఎండిన మెట్ట మీద పుట్టిన మాకు ఈత రాదు, వచ్చేదానికి నీళ్లుండవు, నీళ్లు వచ్చిన ఒక్క ఏడాదీ ఒక ప్రాణం తీసుకుపోతుంది. పదేళ్ల పిల్ల తప్పు అందులో ఏముందని అన్నాను. "అందరూ అదే అంటారు" అని లేచి పోయింది.

వాన ఆగలేదు. ఆ వారంలోనే ఒక పొద్దున చెరువు మరవ దూకింది. చెరువులో ఎక్కువైన నీళ్లన్నీ ఆ మరవ మీదుగా వంకలో పడతాయి. ఆ వంక మీదే మా ఊరి దారి. వంతెన లేదు, కాంక్రీటు చప్టా ఒకటే. సరిగ్గా ఆ పొద్దుననే ఆంజినమ్మ కోడలు ఈశ్వరికి నొప్పులు మొదలయ్యాయి. తల్లి లేని పిల్ల, అందుకే కాన్పుకు అత్త దగ్గరే ఉంది. గంగాధర్ తాడిపత్రిలో బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పనిలో ఉన్నాడు. 108 బండి వచ్చింది గానీ వంక అవతలే ఆగిపోయింది.

మా ఊరి రామాంజనేయులు ట్రాక్టరు తీశాడు. ట్రాలీలో గడ్డి పరిచి ఈశ్వరిని పడుకోబెట్టాం. ఆమెకు అటు అత్త, ఇటు నేను. వంక కనబడగానే ఆంజినమ్మ కొంగు ముఖం మీద కప్పుకుంది. చప్టా చాలావరకు దాటేశాం అనుకుంటుండగా నీళ్లలో కనబడని బండ ఏదో తగిలి ముందు చక్రం పక్కకు పోయింది. ఇంజను ఆగిపోయింది. ఎంత తిప్పినా మళ్లీ అందుకోలేదు.

అవతలి ఒడ్డున ఉన్నవాళ్లు తాడు విసిరారు. దాన్ని ట్రాక్టరుకు కట్టి, నలుగురు మగవాళ్లు తాడు వెంబడి నీళ్లలో నిలబడ్డారు. నీళ్లు వాళ్ల మోకాళ్లు దాటి పారుతున్నాయి.

"అక్కా, ఇంగ రోంత దూరమే. తాడు పట్టుకొని దిగండి. నీళ్లు పెరుగుతాండాయి, ఈడ కూర్చుంటే కాదు" అని రామాంజనేయులు అరిచాడు.

ఈశ్వరి ట్రాలీ అంచు పట్టుకొని బిగుసుకుపోయింది. "నేను దిగను. అత్తా, నువ్వు దిగితేనే దిగుతా" అని ఏడ్చింది.

ఆంజినమ్మ కొంగు తీసింది. ఆ తాడు వంక చూసింది. ఆమె పెదాలు తెల్లగా అయిపోయాయి. ఇక ఈ మనిషి వల్ల కాదు, నేనే ముందు దిగాలి అనుకొని చీర పైకి దోపుకున్నాను. అప్పుడు ఆమె గట్టిగా, బడిపిల్లలను పిలిచినట్టు మాట్లాడింది. నాతో కాదు, ఈశ్వరితో కాదు.

"యేసయ్యా! నాకు భయంగా ఉండాది. భయంతోనే దిగుతాండా. పడవ దిగి మునిగిపోతాంటే ఆ శిష్యుని చెయ్యి పట్టుకున్నావంట కదా, నన్నూ అట్లే పట్టుకో. నేను దీన్ని పట్టుకుంటా. నువ్వు వదిలితే చూడు మళ్ల!"

దేవుణ్ణి అట్లా బెదిరించడం నేను ఎక్కడా వినలేదు. ఆమె దిగేసింది. చేతులు చాచి ఈశ్వరిని దింపుకుంది. ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో కోడలి మణికట్టు. నేను వెనక నుంచి ఈశ్వరి నడుము పట్టుకున్నాను. నడిచినంతసేపూ ఆంజినమ్మ నోరు ఆగలేదు. ఈశ్వరిని తిట్టింది, నీళ్లను తిట్టింది, మధ్యలో స్తోత్రం అంది. చప్టా చివర ఈశ్వరి కాలు జారింది. పిల్ల ఒక్క పక్కకు ఒరిగిపోయింది, నా పట్టు తప్పిపోయింది. ఆంజినమ్మ పట్టు తప్పలేదు. మగవాళ్లు వచ్చి అందుకునే దాకా కోడలిని ఆ ఒక్క చేత్తోనే నిలబెట్టింది.

ఈశ్వరిని బండి ఎక్కించాక ఆంజినమ్మ ఒడ్డున బురదలో కూర్చుండిపోయింది. తన కుడిచెయ్యి తిప్పి తిప్పి చూసుకుంది.

"వదల్లేదు పద్మజా" అంది. "చూసినావా, వదల్లేదు."

అంతకుముందు ఆమె ఏడవడం నేను చూడలేదు. చెయ్యి ఛాతీకి హత్తుకొని పాపన్నా, పాపన్నా అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. 108లో ఉన్న పిల్లోడు "ఎక్కమ్మా, టైం లేదు" అని అరిస్తే ముక్కు చీదుకొని లేచి వాణ్నే కసురుకుంటూ బండెక్కింది.

సాయంత్రానికి అనంతపురంలో ఆడపిల్ల పుట్టింది. ఈశ్వరి మణికట్టు మీద అత్త వేళ్లు ఐదూ నల్లగా కమిలిపోయి ఉన్నాయి. చూడవచ్చిన వాళ్లందరికీ బిడ్డకంటే ముందు ఆ చెయ్యే చూపించిందట.

ఆదివారం నాటికి వాన వెలిసింది. చెరువు లోపలి వైపు, నడుము లోతు నీళ్లున్న చోట పాస్టరు నిలబడ్డాడు. నేను ఆఖరుసారి వదులు చేసిన రవికె తొడుక్కొని, ఆ తెల్లచీర కట్టుకొని ఆంజినమ్మ గట్టున నిలబడింది. భయం పోయిందేమో అనుకున్నాను. పోలేదు.

"భయమేస్తాందయ్యా" అంది.

ఓబుళేసు పాస్టరు సన్నగా చువ్వలా ఉంటాడు. ఆమెను ఎగాదిగా చూసి, "నాకూ భయమేస్తాందమ్మా. నిన్ను ముంచేది సరే, పైకి లేపల్ల కదా" అన్నాడు. గట్టుమీద అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే నీళ్లలోకి నడిచింది. తన కుడిచెయ్యి ఆయన చేతిలో పెట్టి కళ్లు మూసుకుంది.

మునిగింది. లేచింది. జుట్టంతా ముఖాన పడి, దగ్గుతూ, ఊపిరి పీల్చుకుంటూ, ఎదురుగా గట్టుమీద ఏడుస్తున్న కొడుకును చూసి "ఏడ్చేదేందిరా, పోయి తువాలు తేపో" అని అరిచింది.

అట్నుంచి అందరూ చర్చికి పోయారు. నేనూ పోయి వెనక కూర్చున్నాను. ఆ పొద్దున కూడా రొట్టె ఆమే కాల్చింది. పాస్టరు దాన్ని ఎత్తి విరిచాడు. పళ్లెం ఒక్కొక్కరినే దాటుకుంటూ ఆమె దగ్గరికి వచ్చి ఆగింది. ఆంజినమ్మ ఒళ్లోంచి చెయ్యి తీసి ఒక ముక్క తీసుకుంది. నోట్లో పెట్టుకొని, కళ్లు మూసుకొని చాలాసేపు నమిలింది. అందరూ ఆమెనే చూస్తున్నారు. కళ్లవెంట నీళ్లు కారుతుండగా ఆమె తల ఎత్తి పాస్టరు వైపు చూసింది.

"ఏమయ్యా, ఇన్నేండ్లూ తింటాండారే, దీంట్లో ఉప్పు చాల్లేదని నాతో ఒక్కరన్నా చెప్పరా?" అంది.