సోయాబడీ కూర

బహిష్టు ఆగిపోయిన దగ్గర్నుంచి గున్నమ్మకు ఉన్నట్టుండి మెడ నుంచి చెవులదాకా ఆవిర్లు కమ్ముకొస్తాయి. రొట్టెను పెనం మీదే వదిలేసి, వైశాలి నగర్ ఇంటి గుమ్మంలో జాకెట్టు మెడను వేలితో లాగి పట్టుకుని నిలబడుతుంది. భర్త నరసింగరావు ఉక్కు ప్లాంటులో ఫర్నేసు దగ్గర పనిచేస్తాడు. "కరిగిన ఇనుము ముందర రోజూ నిలబడతన్నాను నేను. గేస్ పొయ్యికే నీకింత ఉడుకేటే?" అని నవ్వుతాడు. ఆమె అక్కకు రొమ్ము క్యాన్సర్ వచ్చిందని తెలిసి డాక్టరమ్మ హార్మోను మాత్రలు వద్దంది. సోయాలో అలాంటి గుణమే కొంత ఉందని, రోజూ తిని చూడమంది. అప్పట్నుంచి గున్నమ్మ సాయంత్రమయితే సోయాబడీలు, అంటే మీల్‌మేకర్ ఉండలు, నానబెట్టి, నీళ్ళు గట్టిగా పిండి, ఉల్లిపాయ మసాలాలో ఎర్రగా వేయిస్తుంది. పిండడం కుదిరితేనే మసాలా లోపలికి పడుతుంది. ఆమె చేతికి అది కుదిరింది. "మమ్మీ, ఔర్ దో నా" అని, ఇంకా వెయ్యమంటూ, హిందీ ఊళ్ళో పెరిగిన కొడుకు మనోజ్ కంచం జరుపుతాడు. "దీని ముందర మాంసం ఏటికి పనికొస్తాది?" అని భర్త ఇంకో గరిటె వేసుకుంటాడు. ఆమె కూర్చునేసరికి గిన్నెకు అంటుకున్న మసాలా గుజ్జే మిగులుతుంది. అందులోనే అన్నం కలుపుకుని తింటుంది.

మూడు నెలలయ్యాక డాక్టరమ్మ అడిగితే, ఆవిర్లు తగ్గలేదంది గున్నమ్మ. "సోయా రోజూ తింటున్నారా?" ఆమె నోరు తెరిచేలోగా పక్క కుర్చీలోంచి నరసింగరావు అందుకున్నాడు. "ఒక్క రోజూ మానలేదమ్మా. ఇంటిల్లిపాదీ అదే తింటన్నాం." డాక్టరమ్మ తనవైపు చూస్తే గున్నమ్మ తలూపింది. "అయితే మీకది పనిచెయ్యలేదు. మానెయ్యండి. ఇంక ఓర్చుకోవడమే." బయటికొచ్చి స్కూటరు స్టార్టు చేస్తూ నరసింగరావు అన్నాడు: "ఆవిడ అలాగే అంటాది గానీ, కూర మాత్రం మానకే."