కిరాయి మామ

సిగరెట్లు తాగి చెడిపోయినవాళ్ళను మీరు చాలామందిని చూసి ఉంటారు. సిగరెట్ మానేసి, ఆ మానడంలో తన పెళ్లికే ఎసరు పెట్టుకున్న మహానుభావుణ్ణి ఇప్పుడు చూడండి. నేనే.

డెబ్బైల చివర్లో వరంగల్‌లో ఒక నీటిపారుదల ఆఫీసులో కొత్తగా డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాను. చెరువు కట్టలు, నీళ్ళు వదిలే తూములు, అలుగులు గీయడం నా పని. ఎంత సన్నటి కంతైనా నా కంటబడకుండా పోదని గర్వం కూడా ఉండేది. అప్పుడే పరకాలలో టీచరుగా పనిచేసే విజయతో పెళ్లి కుదిరింది. ఆమె షరతు ఒక్కటే: "పొగ వాసనొస్తే పెండ్లి లేదు."

సరే అన్నాను. అనడానికేం, చాలా తేలిక.

మానేశాక తెలిసింది అసలు సంగతి. అన్నం సయించదు. పక్కవాడు దగ్గినా కొట్టాలనిపిస్తుంది. సోంపు నమిలి నమిలి దవడలు పాత మోటారులా మోత పెట్టేవి. ఒకరోజు ఆఫీసులో ఏదో ఆలోచిస్తూ పెన్సిల్ నోట్లో పెట్టుకుని అగ్గిపుల్ల గీశాను. మా ఇంజనీరుగారు కళ్ళద్దాల పైనుంచి చూసి, "జర సూస్కో అయ్యా, దానికి ఫిల్టర్ లేదు," అన్నారు.

ఇక లాభం లేదని సమస్యను ఇంజనీరింగ్ పద్ధతిలో చూశాను. సిగరెట్లు వచ్చేది ఎక్కడినుంచి? చౌరస్తాలో సాంబన్న పాన్ డబ్బా నుంచి. అయితే తూము అక్కడే మూసెయ్యాలి.

"అన్నా, ఇగ నేనడిగినా సిగరెట్ ఇయ్యకు. ఇస్తే నా పెండ్లి ఆగిపోతది," అన్నాను.

సాంబన్న తమలపాకులకు సున్నం రాయడం ఆపాడు. "సుట్టాలొచ్చిండ్రు, వాళ్ళకు గావాలె అంటే?"

"అబద్ధమనుకో."

"ఆ సుట్టం నీ పక్కనే నిలవడితే?"

ఇక్కడే నా తెలివి పరాకాష్ఠకు చేరింది. "ఎవన్నో ఒకన్ని పట్టుకొస్తనన్నా. నా సంగతి నాకెరుక. వచ్చినోనికి గూడ ఇయ్యకు. కాళ్ళు మొక్కినా ఇయ్యకు."

"గంతనా తమ్మీ! నువ్వు ఫికర్ చెయ్యకు. బస్టాండ్ దాకా అన్ని డబ్బాలకు నేనే చెప్త."

నమ్మండి, కన్నతల్లి కూడా అంత కాపలా కాయదు. మరుసటి సాయంత్రమే నేను వెళ్లి, "నెక్కొండ నుంచి బాబాయి వచ్చిండన్నా, ఒక్కటియ్యి," అన్నాను. "రమ్మనరాదు, సోడా తాపిస్త," అని నా చేతిలో గుప్పెడు సోంపు పోశాడు.

తర్వాత కొన్నాళ్లకు, పెళ్లి కార్డులు అచ్చుకివ్వడానికి కాబోయే మామగారు పరకాల నుంచి వచ్చారు. గుబురు మీసాలు, తెల్లటి ధోవతి, చంకలో గొడుగు. హోటల్లో చాయ్ తాగాక నా చెవిదగ్గరకు వంగారు.

"అల్లుడా, ఇంట్ల నా బిడ్డ వాసన పట్టి పట్టి సంపుతాంది. ఇక్కడ ఎవ్వరు సూడరు గని, ఒక్క సిగరెట్ ఇప్పియ్యి."

మామగారు అడిగిన మొదటి కోరిక! ఎలా కాదంటాను? అసలైన మామను చూస్తే సాంబన్న ఇవ్వకపోతాడా అనుకుని తీసుకెళ్లాను.

"అన్నా, మా మామగారు. ఒక్క సిగరెట్."

సాంబన్న ఆయన్ని కిందినుంచి పైదాకా చూశాడు. "మంచిగ తయారుజేసినవ్ తమ్మీ! మీసాలు గూడ అసలయే వెట్టినట్టున్నవ్."

మామగారి మీసాలు లేచి నిలబడ్డాయి. "ఏందయ్యా! నేను కిరాయి మామనా? వీనికి పిల్లనిస్తాన్న నేను!"

"పెద్దమనిషీ, సిగరెట్ తాగితే పిల్లనియ్యం అన్నరట. అసొంటి పిల్ల తండ్రి అల్లుని ఎంబడి సిగరెట్‌కు వస్తడా? జర అతికేటట్టు చెప్పాలె!"

మామగారు విసురుగా పక్క డబ్బాకు నడిచారు. ఆయనకన్నా ముందే సాంబన్న కేక అక్కడికి చేరింది: "ఓ మల్లన్నా! గొడుగాయనకియ్యకు! మనోడు కిరాయి మామను తెచ్చిండు!"

అలా ఆ కేక డబ్బా నుంచి డబ్బాకు, మాకంటే ఒక అడుగు ముందుగా, బస్టాండ్ దాకా నడిచింది. మామగారు కార్డుల ఊసెత్తకుండా పరకాల బస్సెక్కారు. కిటికీలోంచి ఒకే మాట: "కార్డుల సంగతి ఇంట్ల మాట్లాడి చెప్త."

నా పెళ్లి ఆ బస్సెక్కి వెళ్ళిపోయిందనుకున్నాను. పాన్ డబ్బాలన్నీ నాకు నేనే మూయించుకున్నవాణ్ణి, నాకు ఆ రాత్రి సోంపు కూడా సయించలేదు.

ఆదివారం విజయే వచ్చింది. వెనుక గొడుగుతో మామగారు, హోంవర్క్ చెయ్యని పిల్లాడిలా. జరిగిందేమిటంటే, ఆయన ఇంటికెళ్లి తనకు జరిగిన అవమానమంతా అందరిముందూ ఏకరువు పెట్టారట. అంతా విని విజయ ఒక్కటే అడిగిందట: "అసలు పాన్ డబ్బా కాడికి నువ్వెందుకు వోయినవ్ నాయినా?"

ఆమె తిన్నగా సాంబన్న ముందుకెళ్లి నిలబడింది. "అన్నా, ఆ పెండ్లిపిల్లను నేనే. ఈయన మా అసలు నాయిననే."

సాంబన్న నాలుక కరుచుకున్నాడు. "తప్పయింది చెల్లే!" అంటూ పరిహారంగా ఒక సిగరెట్ పెట్టె తీసి మామగారి వైపు చాచాడు. ఆయన చెయ్యి సగందాకా వెళ్ళింది కూడా.

"ఉండు," అంది విజయ. "ఈయనకు గూడ అదే హుకుం. ఎవ్వరిని ఎంబడి తెచ్చినా ఇయ్యకు."

కార్డులు అదే రోజు అచ్చుకిచ్చాం. మామగారు మాత్రం ఆ తర్వాత ఏ పెళ్లిలో కనిపించినా పదిమందికీ నన్ను చూపించి, "గీయననే మా కిరాయి అల్లుడు," అనేవారు.

నీళ్ళెక్కువైతే పొర్లిపోవడానికి ప్రతి చెరువుకూ అలుగుండాలని కాగితాల మీద గీసి జీతం తీసుకున్నవాణ్ణి, నా కట్టకు మాత్రం అలుగు పెట్టడం మరిచిపోయాను. అందుకే నా స్కేలు మీద, టీ-స్క్వేర్ మీద ప్రమాణం చేసి చెబుతున్నాను: ఈ జన్మలో ఇంకే అలవాటు మానుకోవలసి వచ్చినా, ముందుగా మామగారి అలవాట్లేమిటో కనుక్కోకుండా ఒక్క తూమూ మూయను.