అద్దాలు తియ్యనన్న ఫొటోగ్రాఫరు

ఆమె ఆ స్టూడియోలో చేరి ఆరేళ్ళయింది. ఎవరో తీసిన ఫొటోల్లో మొటిమలు చెరుపుతూ కంప్యూటరు ముందు కూర్చోవడమే ఉద్యోగం. దళసరి కళ్ళద్దాల వల్ల బళ్ళో పడ్డ 'సోడాబుడ్డి' అనే పేరు ఆమెకంటే ముందే వచ్చి అక్కడ కుర్చీ వేసుకుంది. కెమెరా పట్టుకుంటానంటే ఓనరుగారి అల్లుడు, "గుడ్డెద్దు చేలో పడ్డట్టుంటుంది" అనేవాడు.

మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత ఒళ్ళు మండేది. ఆ మంటే పనికొచ్చింది. అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు కెమెరా తీసి స్టూళ్ళనీ, గోడ గడియారాన్నీ ఫొటోలు తీసేది. కళ్ళద్దాలు అడ్డొచ్చి బొమ్మ అంచులు కనబడకపోతే, తల అటూ ఇటూ జరిపి నాలుగు మూలలూ వెతుక్కోవడం నేర్చుకుంది.

ఒకరోజు అల్లుడికి నడుం పట్టేసింది. ఆ సాయంత్రమే ఒక ఫ్యాక్టరీలో గ్రూపు ఫొటో ఉంది.

"నువ్వే వెళ్ళమ్మా. ఏదో ఒకటి తీసుకురా," అన్నాడు ఓనరు తల గోక్కుంటూ.

"ఏదో ఒకటి కాదండీ, ఫొటోనే తెస్తాను," అని సంచి భుజాన వేసుకుంది.

ఫ్యాక్టరీ ఆవరణలో నలభై మంది మూడు వరసల్లో ఉన్నారు. మధ్య కుర్చీలో, ఆ రోజే రిటైరవుతున్న, లేతు మిషను మీద పనిచేసే పెద్దాయన.

"ఆ కళ్ళద్దాలు తీసెయ్యండి, మెరుస్తాయి," అన్నాడు మేనేజరు. పెద్దాయన తీసి జేబులో పెట్టుకున్నాడు. ముక్కుకి రెండు పక్కలా నొక్కులు. చూపు ఎక్కడ నిలపాలో తెలియక దిక్కులు చూస్తున్నాడు.

"పెట్టుకోండి బాబాయ్," అంది ఆమె.

"మెరిస్తేనో?"

"మెరవకుండా చూసుకోవాల్సింది నేను."

అందర్నీ లేపి షెడ్డు నీడలోకి మార్చింది. పెద్దాయన్ని గడ్డం వేలెడు దించమంది. చెమటకి ఆమె అద్దాలు మసకబారాయి. చున్నీతో తుడుచుకుంది.

మేనేజరు విసుక్కున్నాడు. "అసలు నీకు కనబడుతోందా అమ్మాయ్?"

"అద్దాలుంటే కనబడుతుంది సార్. తీస్తే ముగ్గురు మేనేజర్లు కనబడతారు. నాకు మీరొక్కరు చాలు."

మూడు వరసలూ ఒక్కసారి నవ్వాయి. అప్పుడు నొక్కింది.

నాలుగు రోజులకి పెద్దాయన ఇంకో కాపీ కావాలని స్టూడియోకి వచ్చాడు. ఫొటోలో అద్దాల వెనక ఆయన కళ్ళు స్పష్టంగా ఉన్నాయి. "ఇన్నాళ్ళకి ఫొటోలో మీరు మీలా ఉన్నారంది మా ఆవిడ," అన్నాడు.

ఆయన వెళ్ళాక ఆమె ఓనరు ముందు నిలబడింది. "ఇకనుంచి బయటి పనులకి నేనే వెళ్తానండీ."

"అల్లుడితో మాట్లాడి చెప్తాలే."

"నేను అడగడంలేదు, చెబుతున్నాను. కుదరదంటే ఎదురు వీధి స్టూడియోలో మనిషి కావాలట."

ఓనరు ఫ్యాక్టరీ ఫొటో వైపు చూశాడు. తర్వాత కెమెరాలుండే బీరువా తాళం ఆమె చేతిలో పెట్టాడు.

వారం తర్వాత అల్లుడు వచ్చి కెమెరా కంటికి పెట్టుకున్నాడు. "ఇదేంటి, అంతా మసగ్గా ఉంది?"

"కన్ను పెట్టే చోటు పక్కనున్న చిన్న చక్రాన్ని నా అద్దాల చూపుకి సరిచేసి పెట్టుకున్నాను. తిప్పకండి."

అల్లుడు మామగారి వైపు చూశాడు. మామగారు పాత కెమెరా తీసి ఇచ్చాడు.