టవర్ పన్నుకు మోగని డప్పు

ఇన్నేళ్లుగా నా మీద ఉన్న బరువు ఒక్క వాక్యం. "డప్పు చాటింపు వేయించడమైనది." రాసింది నేనే.

అప్పట్లో ఎల్లారెడ్డి పక్కన ఒక ఊళ్లో పంచాయతీ రాతపనులు చూసే కారోబారును. ఊళ్లోని సెల్ టవర్ మీద పంచాయతీ పన్ను వేస్తే కంపెనీ హైకోర్టుకు పోయింది. ఆ కథ కామారెడ్డి బస్టాండు హోటల్లో ఎన్నిసార్లు చెప్పానో! జడ్జిగారు కళ్లద్దాలు తీసి నన్నే చూశారని, నేను రాజ్యాంగం పేజీ నంబర్లతో సహా అప్పజెప్పానని, కంపెనీ వకీలు చెమట తుడుచుకున్నాడని. బాగా చెబుతాను. చాయ్ ఎప్పుడూ ఎదుటివాళ్లే తాగించేవాళ్లు.

మీకు మాత్రం నిజం చెబుతాను. నేను ఆ కోర్టు గడప తొక్కలేదు.

కంపెనీ వకీలు రెండు మాటలన్నాడట. పెద్దది: టవర్ మీద పన్ను వేసే అధికారం రాజ్యాంగం రాష్ట్రానికే ఇవ్వలేదు, ఇక పంచాయతీకి ఎక్కడిది అని. అది నిలవలేదు. చిన్నది: ముందు ఊరంతా చాటించి అభ్యంతరాలు వినాలి, ఆ చాటింపే జరగలేదు అని. ఆ ఒక్క కారణంతో పన్ను కొట్టేశారు. అధికారం ఉండీ ఓడిపోయాం.

ఎందుకు జరగలేదు? డప్పు కొట్టేది సాయిలు. అతనికి చెప్పాల్సింది నేను. ఆ రోజు పొద్దంతా పేకముక్కలు పట్టుకుని పత్తాలాటలో కూర్చున్నాను. నోటీసు జేబులోనే ఉండిపోయింది. ఎవరడుగుతారులే అని పంచాయతీ రిజిస్టరులో ఆ వాక్యం రాసేశాను. కంపెనీ అడిగింది.

విచారణకు అధికారి వచ్చాడు.

"సాయిలుకు చెప్పిన సార్. వాడే కొట్టలే" అన్నాను.

"ఎప్పుడు చెప్పినవ్ సారూ? ఏ గల్లీల చెప్పినవ్? జర నా మొకం జూసి చెప్పు" అన్నాడు సాయిలు.

"తాగి మరిచిపోయినవ్ రా!"

అధికారి నవ్వాడు. సాయిలు మందు ముట్టడు. ఆ సంగతి తెలిసిన సర్పంచి తల దించుకున్నాడు. సాయిలు పని పోయింది. పన్ను పోగొట్టిన తాగుబోతన్న పేరు మిగిలింది.

ఏది పెద్ద తప్పు? పత్తాలాటా, దొంగరాతా? లేక అధికారిని నవ్వించగలిగానని, ఒక మనిషి పరువు పోతున్న ఆ క్షణంలోనే నాలో నేను మురిసిపోయానే, అదా?

పన్ను మళ్లీ వేశారు. ఈసారి కొత్త మనిషి డప్పు కొడుతుంటే వెనకాలే ప్రతి గల్లీ తిరిగాను. సాయిలు వాకిట్లో నిలబడి చివరిదాకా విన్నాడు.

"ఇప్పుడు ఇనవడ్డది సారూ" అన్నాడు. తలుపేసుకున్నాడు.

ఆ తలుపు తట్టే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. అందుకే మీ పత్రికకు రాస్తున్నాను. పేరు పెట్టడం లేదు. అనుమానముంటే ఆ పాత రిజిస్టరు తీసి చేతిరాత పోల్చుకోండి, నాది దాచినా దాగే రాత కాదు.

సాయిలు తాగలేదు. నేను చెప్పలేదు. కాగితం నా జేబులోనే ఉంది.