పైకెక్కిన మామగారి పేరు

పులివెందుల దగ్గర మా పల్లెలో ఒకే బోరు కింద నాలుగైదు చీనీ (బత్తాయి) తోటలున్నాయి. నీటి వంతుల పట్టిక నేనే ఎక్సెల్‌లో వేశాను. పైవాళ్ల వంతు ముగిసే సమయానికి కిందివాళ్లది మొదలయ్యేలా ఫార్ములా పెట్టాను.

మా మామగారిది చివరి వంతు. "పెద్దోన్ని, నా పేరు అడుగునేందమ్మా? పైన పెట్టు" అని ఒకటే పోరు. విసిగిపోయి ఆ వరసను కట్ చేసి పైన పెట్టి, ప్రింటు తీసిచ్చాను. పేరైతే పైకెక్కింది గానీ, ఫార్ములా పాత గడినే పట్టుకుని ఉంది. ఆయన వంతు టైము సాయంత్రమే అని పడింది.

ఆయన టైము చూస్తే గదా! తెల్లారే పోయి, మొదటి వంతున్న పక్క తోట ఓబులేసుకు పోవాల్సిన నీళ్లు మా తోటకు తిప్పేశారు. బోరు దగ్గర ఇద్దరూ చొక్కాలు పట్టుకుని, చివరికి నా మీదికొచ్చారు.

"అంతా సరిచేస్తాను మామా" అన్నాను తల పట్టుకుని.

"టైము ఎట్లన్నా ఉండనీ. పేరు మాత్రం కిందికి దించొద్దు" అన్నారు.

తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయన పేరు ఇంకా పైనే ఉంది.