మూత పెట్టిన చాయ్

మా చిన్నాన్న దేవదాసు, ఇక బొంబాయి పక్కనున్న భివండి పోనని పెట్టె సర్దుకుని సిద్దిపేట వచ్చేశాడు. అక్కడి సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేస్తూ ఇరవై మూడేళ్లు గడిపి, ఏడాదికి పది రోజులు చుట్టంలా వచ్చిపోయిన మనిషి. చిన్నమ్మ కిష్టవ్వ మటన్ వండింది, కొత్త పరుపు కొన్నది. కొత్త అల్లుడికైనా అంత మర్యాద జరగదు. ఆయన మాత్రం ఆ పరుపు మీద ఒక అంచుకే పడుకున్నాడు.

మొదట్లో నాకు నవ్వొచ్చేది. సాంచాల మోతకు చెవులు మందగించి, ఆయన ఉప్పు అడిగినా వాడకట్టంతా వినిపించేది. పొద్దున ఏడున్నరకల్లా లేచి, దుప్పటి మడిచి, రెండు గ్లాసుల్లో చాయ్ పోసేవాడు. ఒకటి తాగి, రెండోదానికి మూత పెట్టి మంచం పక్కన ఉంచేవాడు. ఇక పొద్దుగూకేదాకా ఆ గదిలో అడుగు పెట్టేవాడు కాదు.

"చిన్నాయనా, గా చాయ్ ఎవలకు?" అన్నాను ఒకరోజు వేళాకోళంగా.

"అంజన్నకు. డ్యూటీ దిగి వస్తడు గదా," అన్నాడు. అని తానే ఉలిక్కిపడ్డాడు.

అంజన్నది మా దగ్గరి ఊరు మిరుదొడ్డి. భివండిలో ఇద్దరికీ ఒకటే గది, ఒకటే పరుపు, అవే సాంచాలు. ఈయనది పగటి డ్యూటీ, అతనిది రాత్రి డ్యూటీ. ఒకరు లేచిన చోట ఒకరు పడుకునేవారు. పోయిన వానాకాలం ఒక పొద్దున, చిన్నాన్నకు సాంచాలు అప్పజెప్పి బయటకు నడిచిన అంజన్న దారిలోనే గుండె ఆగి కూలిపోయాడు. ఎవరో చిన్నాన్నకు పదకొండు సార్లు ఫోన్ చేశారు. మోతలో వినబడలేదు. డ్యూటీ దిగి గదికొస్తే, పొద్దున పెట్టిన చాయ్ మూత తీయకుండా అలాగే ఉంది.

"వాడు లేసిపోయినా పరుపు ఎచ్చగనే ఉంటుండె," అన్నాడు చిన్నాన్న. "గీడ సల్లగుంటది. ఇల్లు చేరిననని సంబరమే బిడ్డా. గని వాన్ని గాడ ఒక్కన్నే ఇడిసివచ్చిన."

నాకు సిగ్గేసింది.

చిన్నమ్మ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. నెల రోజులుగా ఆ చాయ్ పారబోస్తున్నది ఆమే. గదిలోకి వెళ్లి, పరుపు మీద కూర్చుని, గ్లాసు మూత తీసింది.

గడపలో నిలబడ్డ చిన్నాన్న చేయి అడ్డంగా లేచింది. "అది వానిది."

"ఇర్వై మూడేండ్లు నువ్వు డ్యూటీ దిగి వస్తవని నేనుగూడ ఎదురుచూసిన," అంది ఆమె, ఆయనకు వినబడేంత గట్టిగా. "నాకెవలు చాయ్ మూసిపెట్టిన్రు?"

చల్లారిన ఆ చాయ్ చివరిదాకా తాగింది. చిన్నాన్న కళ్లు తుడుచుకున్నాడు, గడప మాత్రం దాటలేదు.

మర్నాడు ఏడున్నరకు నేను వెళ్లేసరికి, ఇద్దరూ మంచం మీద కూర్చుని ఉన్నారు. మూడు గ్లాసులు కనిపించాయి. రెండు ఖాళీవి. మూడోదానికి చిన్నమ్మ మూత పెడుతోంది.