తాయిఫ్ షెడ్డులో రెండు సగాల బొమ్మ

ఐదు వందల ఏళ్ల కిందట ఇటలీలో అచ్చైన ఒక నగిషీ బొమ్మ కోసం నేను జెద్దా నుంచి తాయిఫ్ వెళ్లాను. బొమ్మ నా ఫోన్‌లోనే ఉంది. నడుమ ఒక పూలకుండీ, దాని నుంచి పైకి పాకే ఆకుల తీగలు, తీగల్లో సగం జంతువు సగం ఆకు అయిన ప్రాణులు. పాత రోమన్ శిథిలాల్లో చూసినవాటిని ఆనాటి చిత్రకారులు రాగిరేకు మీద చెక్కి, కాగితాల మీద అచ్చువేసి అమ్మేవారట. ఈ బొమ్మలో ఎడమవైపు చేప, కుడివైపు రెక్కల సింహం. కుండీని పట్టుకునే చెవులకు కూడా పొంతన లేదు. రోమన్ల సమతూకాన్ని చిత్రకారుడు కావాలనే ధిక్కరించాడని కాలేజీకి పన్నెండు పేజీలు రాశాను. 'ధిక్కారం' అన్న మాట మీద నాకప్పుడు మహా మోజు, తొమ్మిదిసార్లు వాడాను. సోమవారం ఇవ్వాలి, ఈ సెమిస్టర్‌లో సగం మార్కులు దానికే. పక్కన ప్లాస్టర్ నమూనా కూడా పెడదామని, నాన్నకు తన నిర్మాణ సైట్‌లో పరిచయమైన గంగారాం గారికి బొమ్మ వాట్సాప్‌లో పంపాను. ఆయనది జగిత్యాల. తాయిఫ్‌లో ఒక షెడ్డులో, పెళ్లి హాళ్ల పైకప్పులకు అచ్చుల్లో జిబ్స్ పోసి పూలు చేస్తారు. ప్లాస్టర్‌ను ఇక్కడ జిబ్స్ అంటారు.

శనివారం ఉదయం ఆరున్నరకు నాన్నా నేనూ బయల్దేరాం. కారు, డ్రైవర్ కలిపి రానూపోనూ ఐదు వందల రియాళ్లు. మక్కా దగ్గర ముస్లిమేతరుల దారికి మళ్లి, చుట్టుతిరిగి, అల్ హదా కొండ మలుపులు ఎక్కేసరికి తొమ్మిదయింది. రోడ్డు పక్కన కోతుల గుంపులు. "బేటీ, కోతుల్ని చూడకుండా ఆ ఫోన్ ఏంటి?" అన్నాడు డ్రైవర్ ఖాన్ సాబ్ హిందీలో. "పరీక్ష," అన్నాడు నాన్న. "కోతులకు ఆ బాధ లేదు," అన్నాడాయన.

షెడ్డులో గంగారాం గారు చేతులు కడుక్కుంటూ, "రా బిడ్డా, ముందుగాల చాయ్ తాగు. నీ బొమ్మలు ఎండినయ్," అన్నారు. బల్ల మీద రెండు పలకలున్నాయి. ఒకదాంట్లో రెండువైపులా చేపలు, ఇంకోదాంట్లో రెండువైపులా సింహాలు.

"అంకుల్, నేను పంపింది ఇలా లేదు కదా!"

"ఏది గావాల్నో నువ్వు చెప్పకపోతివి. అందుకే రెండు పోసిన."

"రెండూ కలిసే ఒక బొమ్మ!"

ఆయన నాన్న వైపు తిరిగి నవ్వారు. "సార్, బిడ్డ సగం అంగీ, సగం లుంగీ కలిపి కుట్టిచ్చుకునేటట్టున్నది."

గడ్డం గీసుకునే అద్దం ఒకటి గోడ మీంచి తీసి, షెడ్డు కేటలాగులో ఒక పేజీ తెరిచారు. ఆ పేజీలోనూ ఎడమవైపు ద్రాక్షతీగ, కుడివైపు గులాబీ. నడిమి గీత మీద అద్దం నిలబెట్టగానే ద్రాక్ష పూర్తయింది. అద్దం తిప్పారు, గులాబీ పూర్తయింది. "ఒక్క కాగితం మీద రెండు రకాలు. గిరాకి అచ్చి అద్దంల చూస్కుంటడు, ఒకటి పట్టుకుంటడు. ఇరవై ఏండ్ల సంది గిట్లనే."

"ఆ కాలంవాళ్లూ ఇలాగే గీశారని ఎలా చెప్పగలం?" అన్నాను మొండిగా.

"నీ కుండ నడిమిట్ల సూడు. గీత ఉన్నదా, లేదా?"

ఉంది. రాగిరేకు గీరుకుపోయిందని నేను ఫుట్‌నోట్‌లో రాసిన గీత అది. ఫోన్‌లో బొమ్మను పెద్దది చేసి, ఆ గీత మీద అద్దం పెట్టాను. కుండీ చెవులు కుదిరాయి. చేపకు జోడు దొరికింది. నా పన్నెండు పేజీలు అక్కడే కూలిపోయాయి.

తిరుగు దారిలో పలకలు ఒళ్లో పెట్టుకుని, "ఈ బొమ్మ చూడ్డానికి కాదు, ఎంచుకోవడానికి గీసింది" అని కొత్తగా మొదటి వాక్యం రాశాను. ధిక్కారాలన్నీ కొట్టేస్తే పాతవాటిలో మూడు పేజీలే మిగిలాయి. సోమవారం ఎనిమిది పేజీలే ఇచ్చాను. ఆధారాల జాబితాలో మొదటి పేరు గంగారాం గారిది. మార్కులు ఇంకా రాలేదు. ఏ పనివాళ్ల చేతుల కోసం గీశారో ఆ చేతుల్ని అడగకుండానే బొమ్మకు అర్థం చెప్పబోయానన్న సిగ్గు మాత్రం ఉంది, దానితోపాటు ఇంకా చూడాలన్న ఆత్రం కూడా. మీరూ ఇలాంటి షెడ్డుకు వెళ్తే శుక్రవారం సెలవని గుర్తుంచుకోండి. జిబ్స్ కలిపిన పది నిమిషాలకే గట్టిపడుతుంది కాబట్టి, ఏ సగం కావాలో నీళ్లు పోయకముందే చెప్పండి.